ఆఫ్‌రోడింగ్‌కి చోటు ఎలా ఎంచుకోవాలి? ఇసుక, బురద, రాళ్లు, నీళ్లు: దేని లెక్క దానిదే

ఆఫ్‌రోడింగ్‌కి, అంటే తారు రోడ్డు లేని చోట బండి నడపడానికి, ఎక్కడికి వెళ్దామని అనుకోగానే చాలామంది ముందు ఫొటోలు చూస్తారు. నేను చూసేది ఒకటే: అక్కడ తప్పు చేస్తే నాకేం పోతుంది? ఇసుకలో తప్పు చేస్తే కాస్త చెమట, ఒక గంట టైమ్ పోతాయి. బురదలో అయితే రోజంతా పోతుంది. రాళ్ల మీద బంపరో, సైలెన్సరో, డోరు కింది రేకో పోతుంది. నీళ్లలో ఇంజినే పోవచ్చు. ఎంత బాగా నడిపేవాళ్లకైనా ఏదో ఒక రోజు బండి దిగబడక తప్పదు. అందుకే లోపలికి వెళ్లే దారి కన్నా బయటికి వచ్చే దారిని చూసి చోటు ఎంచుకోవాలని నా గట్టి నమ్మకం. కింద పోల్చినవన్నీ ఆ లెక్క ప్రకారమే.

ముందు బండి సంగతి. అందులో లో రేంజ్ గేర్లు (బండిని బాగా నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే అదనపు గేర్లు) ఉన్నాయా లేదా అన్నదానితోనే సగం ఎంపిక అయిపోతుంది. ఆల్ వీల్ డ్రైవ్ ఉండి లో రేంజ్ లేని ఎస్‌యూవీ గట్టి మట్టి దారులకీ, కంకర దారులకీ, తడిసి గట్టిపడిన ఇసుకకీ చక్కగా సరిపోతుంది. మెట్లలా ఉన్న రాళ్లు ఎక్కాలన్నా, నిటారు దిగుడులో బ్రేకు తొక్కకుండా నెమ్మదిగా దిగాలన్నా లో రేంజ్ కావాలి. తర్వాత గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి అడుగుకీ మధ్య ఉండే ఎత్తు. ఈ ఒక్క అంకె చూసి ఆగిపోవద్దు. ముందు బంపరు తగలకుండా ఎంత వాలు ఎక్కగలదు, వెనక బంపరు తగలకుండా ఎంత వాలు దిగగలదు, ముందు వెనక చక్రాల మధ్య పొట్ట ఎంత గుట్టను దాటగలదు అన్న మూడు కోణాలూ అంతే ముఖ్యం. పొడవాటి పికప్‌కి గ్రౌండ్ క్లియరెన్స్ బాగానే ఉంటుంది, కానీ దిబ్బ కొన మీద పొట్ట ఆని నాలుగు చక్రాలూ ఊరికే తిరుగుతూ ఉండిపోవడం మామూలే.

ఇంకొకటి, ఇది ఎక్కడికి వెళ్లినా వర్తిస్తుంది. బండి ముందూ వెనకా ఛాసిస్‌కి బిగించిన, లాగడానికి ఉద్దేశించిన కొక్కేలు ఉన్నాయో లేదో చూసుకోండి. ట్రైలర్ తగిలించే బాల్‌కి తాడు కట్టి ఇంకో బండితో లాగించకండి. అది విరిగి తూటాలా ఎగిరి వచ్చి తగలడం వల్ల మనుషుల ప్రాణాలు పోయాయి. కొక్కేలు లేని బండితో కష్టమైన చోటికి వెళ్లడం గురించి ఆలోచించనే వద్దు.

మొదటిసారికి: టికెట్ తీసుకుని వెళ్లే ఆఫ్‌రోడ్ పార్కు

దీన్ని చిన్నచూపు చూసేవాళ్లు ఎక్కువ. "అది నిజమైన ఆఫ్‌రోడింగ్ కాదు" అంటారు. నేను ఒప్పుకోను. పార్కులో ఒకే గుంతని పదిసార్లు దాటొచ్చు. ఒక చక్రం గాల్లోకి లేస్తే బండి ఎలా ఊగుతుందో, డిఫ్ లాక్ (రెండు పక్కల చక్రాలూ ఒకే వేగంతో తిరిగేలా బిగించేది) వేస్తే ఏం మారుతుందో, వేయకపోతే ఏమవుతుందో పక్కపక్కనే తెలుస్తుంది. ఇరుక్కుంటే ట్రాక్టరో, విన్చ్ (తాడుని చుట్టుకుంటూ బండిని లాగే యంత్రం) ఉన్న బండో పది నిమిషాల్లో వస్తుంది. అడవిలో ఆ అవకాశం ఉండదు. అక్కడ మొదటి ప్రయత్నమే అసలు ప్రయత్నం.

పార్కుల్లో, తెలిసిన ట్రాక్‌ల మీద కష్టాన్ని బట్టి గ్రేడ్లు ఇస్తారు. కొన్నిచోట్ల రంగులు, కొన్నిచోట్ల అంకెలు. ఒకచోటి "మీడియం" ఇంకోచోటి "మీడియం"తో సమానం కాదు. పైగా ఆ గ్రేడ్ పొడి వాతావరణానికి ఇచ్చింది అయి ఉండొచ్చు. రాత్రి వాన పడితే ఉదయానికి ఈజీ ట్రాక్ కూడా ఎక్కలేనంత జారుడుగా మారిపోతుంది. అందుకే గ్రేడ్ కన్నా ఆ వారంలో అక్కడికి వెళ్లొచ్చిన మనిషి మాట నమ్ముతాను.

ఇసుక: ఎడారా, సముద్ర తీరమా?

పార్కు తర్వాత రెండో మెట్టుగా నేను చెప్పేది ఇసుకే. ఇసుకలో బండి దిగబడితే దాదాపు ఎప్పుడూ పారతోనే బయటపడొచ్చు. చక్రాల ముందు తవ్వి, టైర్లలో గాలి ఇంకొంచెం తీసి, చక్రాలకి పట్టు ఇచ్చే ట్రాక్షన్ బోర్డులు పెట్టి మెల్లగా బయటికి రావడమే. రేకు చీలదు, ఇంజిన్‌లో నీళ్లు పడవు. ఒక్కటే నియమం: చక్రాలు తిరుగుతూ బండి కదలడం లేదని తెలిసిన క్షణంలో యాక్సిలరేటర్ వదిలేయాలి. ఇంకో రెండు సెకన్లు తొక్కితే యాక్సిల్ దాకా దిగిపోతుంది.

ఇసుకలో అసలు మంత్రం టైర్ల గాలి. రోడ్డు మీద 32-35 పీఎస్‌ఐ ఉండే గాలిని 15-18కి దించితే టైరు అడుగు పొడవుగా పరుచుకుంటుంది. బరువు ఎక్కువ చోటు మీద పడుతుంది, అందుకే తేలుతుంది. 12 కన్నా తక్కువకి దించితే గట్టిగా మలుపు తిప్పినప్పుడు టైరు రిమ్ నుంచి ఊడే ప్రమాదం ఉంది. గాలి తీయడం ఎవరైనా చేస్తారు. తిరిగి నింపుకునే కంప్రెసర్ లేకుండా మాత్రం ఇసుకకి వెళ్లకండి, ఎందుకంటే ఆ గాలితో తారు రోడ్డు మీద వేగంగా వెళ్తే టైరు వేడెక్కి పగిలిపోతుంది.

ఎడారులన్నీ ఒకటి కావు. ఆస్ట్రేలియాలోని సింప్సన్ ఎడారిలో 1,100 పైచిలుకు దిబ్బలు ఒకదాని వెనక ఒకటి సమాంతరంగా, అలల్లా ఉంటాయి. ఒక దిబ్బ దాటితే తర్వాతది ఎలా ఉంటుందో అంచనా వేయొచ్చు. అక్కడ పడమటి వాలు నెమ్మదిగా, తూర్పు వాలు నిటారుగా ఉంటుంది. అందుకే పడమర నుంచి తూర్పుకి వెళ్లడం తేలిక. ఒకే ఎడారి, ఒకే బండి, దిక్కు మారిస్తే కష్టం మారిపోతుంది. చోటు ఎంచుకునేటప్పుడు ఇలాంటి వివరం ఫొటోలో కనబడదు. అరేబియా ఎడారి వేరు. అబూధాబీలోని లివా దగ్గర తల్ మొరీబ్ అనే దిబ్బ దాదాపు 300 మీటర్ల ఎత్తు ఉంటుంది, దాన్ని ఎక్కడానికి పోటీలే పెడతారు. ఆ చుట్టుపక్కల దిబ్బలు రకరకాలుగా కలిసిపోయి, మధ్యలో గిన్నెల్లాంటి పల్లాలు ఏర్పడతాయి. పల్లంలోకి దిగడం సులువే, పైకి రావడానికి పరుగు తీసే జాగా ఉండదు. కొత్తవాళ్లు అక్కడ తెలిసినవాళ్ల వెనక మాత్రమే వెళ్లాలి.

ఏ దిబ్బకైనా గాలి వీచే వైపు వాలు నెమ్మదిగా, అవతలి వైపు 30 నుంచి 35 డిగ్రీల దాకా నిటారుగా ఉంటుంది. ఎక్కేటప్పుడు అవతలి వైపు ఏముందో కనబడదు. అక్కడ ఇంకో బండి దిగబడి ఉండొచ్చు, లేదా ఎదురుగా ఎక్కుతూ ఉండొచ్చు. అందుకే సింప్సన్‌లో పొడవాటి కర్రకి జెండా కట్టుకుని వెళ్లాలనే నియమం ఉంది. కొన ఎక్కాక తిన్నగా దిగాలి, వాలుకి అడ్డంగా దిగితే బండి దొర్లుతుంది. వెనక భాగం జారుతుందనిపిస్తే స్టీరింగ్‌ని పల్లం వైపే తిప్పాలి. ఇది మనసుకి ఎదురు పని, అందుకే చిన్న దిబ్బల మీద ముందే అలవాటు చేసుకోవాలి.

సముద్ర తీరం చూడటానికి ఎడారి కన్నా తేలిక. తడి ఇసుక గట్టిగా ఉంటుంది, బండి రోడ్డు మీద వెళ్లినట్టే వెళ్తుంది. కానీ ఇక్కడ మీ తప్పుకి ఒక గడువు ఉంది. ఎడారిలో దిగబడితే సాయంత్రం దాకా తవ్వుకోవచ్చు. తీరంలో దిగబడితే పోటు వచ్చేలోపు తవ్వాలి. ఆస్ట్రేలియాలోని కగారీ దీవిలో (2023 దాకా ఫ్రేజర్ ఐలాండ్ అనేవారు) తూర్పు తీరం పొడవునా ఉన్న బీచే హైవే. దాని మీద 80 కిలోమీటర్ల స్పీడ్ లిమిట్ ఉంది, చిన్న విమానాలు కూడా అక్కడే దిగుతాయి. అంత చక్కని దారిలో కూడా ఆటుకి రెండు గంటల ముందు, రెండు గంటల తర్వాత మధ్య కాలంలోనే నడపమంటారు. తీరానికి వెళ్లేవాళ్లు తేదీ కన్నా ముందు ఆటుపోట్ల పట్టిక చూసుకోవాలి. తిరిగొచ్చాక బండి అడుగు భాగాన్ని మంచినీళ్లతో బాగా కడగాలి. ఆ పూట బద్ధకిస్తే ఉప్పు తుప్పుగా మారి ఏడాది తర్వాత కనబడుతుంది.

నన్నడిగితే రెండో ట్రిప్‌కి తీరం కన్నా చిన్న దిబ్బల ఎడారి అంచు మంచిది, ఉదయం పూట వెళ్తే ఇంకా మంచిది. రాత్రి చల్లదనానికి, మంచుకి ఇసుక కాస్త బిగుసుకుని ఉంటుంది. మధ్యాహ్నానికి అదే దిబ్బ పిండిలా అయిపోతుంది.

బురద

బురద అంటే ఇష్టపడేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లని తప్పుపట్టను. అయినా ఎవరైనా సలహా అడిగితే అన్నిటికన్నా చివర్లో పెడతాను. ఒకసారి వాన వెలిసిన మర్నాడు ఒక బంకమన్ను దారిలోకి దిగాను. ముందు బండ్లు చేసిన రెండు గాళ్లు ఉన్నాయి, వాటిలో నీళ్లు నిలిచి ఉన్నాయి. లోతు చూడకుండా వెళ్లిపోయాను. చక్రాలు గాళ్లలో, పొట్ట మధ్య కట్ట మీద. ముందుకీ వెనక్కీ కదల్లేదు. విన్చ్ ఉంది, కానీ దాని తాడు అందేంత దూరంలో ఒక్క చెట్టూ లేదు. పొద్దున తొమ్మిదికి దిగబడిన బండి సాయంత్రం అయిదున్నరకి బయటికి వచ్చింది, అదీ ఇంకో బండి వస్తేనే. ఆ తర్వాత రెండు రోజులు రేడియేటర్ జాలీలోంచి, బ్రేకుల్లోంచి ఎండిన మట్టి తీస్తూనే ఉన్నాను.

అప్పటినుంచి బురద చోటు ఎంచుకునేటప్పుడు మొదట చూసేది కట్టుకోవడానికి చెట్లు ఉన్నాయా, వెంట రెండో బండి ఉందా అని. చెట్టుకి ఇనుప తాడు నేరుగా చుట్టకూడదు, బెరడు తెగి చెట్టు చచ్చిపోతుంది. వెడల్పాటి పట్టీ వేసి దానికే తగిలించాలి. టైర్ల తేడా కూడా బురదలోనే బాగా తెలుస్తుంది. ఆల్ టెర్రైన్ టైర్ల గీతలు బంకమన్నుతో నిండి నున్నటి గుండులా అయిపోతాయి. మడ్ టెర్రైన్ టైర్లకి గీతల మధ్య ఖాళీ ఎక్కువ, తిరిగే వేగానికి మట్టిని విసిరేస్తాయి. అదే టైర్లు మెత్తని ఇసుకలో తవ్వుకుపోవడానికి ముందుంటాయి. ఏ చోటికి ఎక్కువసార్లు వెళ్తారో తేలాకే టైర్లు కొనండి.

వాన పడ్డ వెంటనే మెత్తని మట్టి దారుల్లో తిరగడం వల్ల దారే పాడైపోతుందన్నది ఇంకో బాధ. లోతైన గాళ్లు పడతాయి, నీళ్లు వాటిలోనే పారి కోసేస్తాయి, చివరికి ఆ దారిని అందరికీ మూసేస్తారు. రెండు రోజులు ఆగి వెళ్లడం పెద్ద త్యాగమేం కాదు.

రాళ్లు

రాళ్ల మీద వేగం అక్కర్లేదు, ఓపిక కావాలి. గంటకి రెండు మూడు కిలోమీటర్లు వెళ్తే మంచి వేగమే. లో రేంజ్ మొదటి గేరులో పాకుతూ, పెద్ద రాయి ఎదురైతే దాన్ని పొట్ట కిందికి రానివ్వకుండా చక్రాన్నే దాని మీదికి ఎక్కించాలి. బయట నిలబడి దారి చెప్పే మనిషి తప్పనిసరి. మనుషులు ఎక్కువై అందరూ ఒకేసారి చేతులు ఊపితే మాత్రం ప్రమాదం, ఒక్కరే చెప్పాలి.

రాళ్లలో కూడా రెండు రకాలు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో మోవాబ్ చుట్టూ ఉన్నది పరుపులా పరుచుకున్న ఇసుకరాయి. దాన్ని "స్లిక్‌రాక్" అంటారు, అంటే జారుడు రాయి. గుర్రాల ఇనుప నాడాలు జారేవట, అందుకే ఆ పేరు. రబ్బరు టైరుకి మాత్రం అది గరుకు కాగితంలా పట్టు ఇస్తుంది. చూస్తే గుండె ఝల్లుమనే వాలు కూడా బండి నిదానంగా ఎక్కేస్తుంది. టెన్షన్ ఎక్కువ, డ్యామేజ్ తక్కువ. కాలిఫోర్నియాలోని రూబికాన్ ట్రయల్ దీనికి పూర్తిగా వేరు. సుమారు 35 కిలోమీటర్ల దారి, చాలా భాగం విడివిడి గుండ్రాళ్లు, బండలు. పొట్ట కింద రక్షణ పలకలు, పెద్ద టైర్లు, డిఫ్ లాక్‌లు లేకుండా దిగితే రేకు పోవడం ఖాయం. రాళ్లంటే ఆశ ఉన్నవాళ్లు పరుపు రాయితో మొదలుపెట్టి, విడి రాళ్లకి ఆ తర్వాత వెళ్లాలి. తడిసిన రాయి, నాచు పట్టిన రాయి లెక్క మళ్లీ వేరు, అది బురద కన్నా అధ్వానం.

నీళ్లు దాటే దారులు

ఇక్కడ నేను కొంచెం కఠినంగా మాట్లాడతాను. వాగు దాటడం కోసమే ఒక చోటు ఎంచుకోవద్దు. దారిలో వాగు ఉంటే దాటండి, అదీ కాలినడకన లోతు చూశాక. నడిచి దాటలేని వాగుని బండితో దాటకూడదు. పారే నీళ్లు ఒక అడుగు లోతు ఉంటే చాలు, చాలా కార్లను కొట్టుకుపోతాయి. రెండు అడుగులుంటే ఎస్‌యూవీలనీ, ట్రక్కులనీ తీసుకుపోతాయి. కంపెనీ 900 మిల్లీమీటర్ల లోతు దాకా వెళ్లొచ్చని చెప్పిన బండి అయినా, ఆ అంకె నిలకడ నీళ్లకే తప్ప ప్రవాహానికి కాదు. ఇంజిన్ గాలి పీల్చే గొట్టంలోకి నీళ్లు వెళ్తే, పిస్టన్ నీటిని నొక్కలేదు కాబట్టి కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. స్నార్కెల్ పెట్టించుకుంటే గాలి పైనుంచి వస్తుంది, కానీ కింద వైర్లు, కంప్యూటర్లు తడవకుండా ఆపదు.

ఐస్‌లాండ్ లోపలి ఎత్తు ప్రాంతాల్లో ఎఫ్-రోడ్లు అని ఉంటాయి. వేసవిలోనే తెరుస్తారు, ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరి, చాలాచోట్ల వంతెనలు ఉండవు. మంచు కరిగి వచ్చే ఏర్లు కాబట్టి ఉదయం లోతు తక్కువ, ఎండ ఎక్కేకొద్దీ పెరుగుతుంది. పొద్దున మోకాలి లోతున దాటిన ఏరే సాయంత్రం తిరుగు దారిని మూసేయగలదు. అద్దె బండ్ల ఇన్సూరెన్స్ నీళ్ల వల్ల జరిగిన నష్టాన్ని సాధారణంగా ఇవ్వదు, సంతకం పెట్టే ముందు ఆ వాక్యం వెతికి చదవండి. అక్కడ గుర్తించిన దారి వదిలి పక్కకి నడపడం చట్టప్రకారం నేరం. ఆఫ్‌రోడింగ్‌కి పేరున్న దేశంలోనే రోడ్డు దిగడం నిషేధం అని తెలియక వెళ్లి జరిమానా కట్టేవాళ్లున్నారు.

సులువుగా కనబడి మోసం చేసేది: ఉప్పు మైదానం

తెల్లగా, అద్దంలా, ఎటు చూసినా చదును. కొత్తవాళ్లకి ఇంతకన్నా భద్రమైన చోటు ఉండదనిపిస్తుంది. నా లెక్కలో ఒంటరి బండికి ఇదే అన్నిటికన్నా చెడ్డది. బోట్స్వానాలోని మక్‌గాడిక్‌గాడి మైదానాల్లో పైన ఎండిన పెంకు, కింద మెత్తటి బురద. పెంకు విరిగితే బండి పొట్ట దాకా దిగిపోతుంది. విన్చ్ తగిలించడానికి చెట్టు కాదు కదా, రాయి కూడా ఉండదు. లాగడానికి వచ్చిన రెండో బండి కూడా దిగబడుతుంది. బొలీవియాలోని ఉయునీ 10,000 చదరపు కిలోమీటర్ల పైన ఉంటుంది. మధ్యలో ఉప్పు మందంగా ఉండి బండ్లు మామూలుగానే తిరుగుతాయి. అక్కడ కూడా అంచులు పల్చగా ఉంటాయి, ఎక్కే దిగే చోట్లు తెలిసినవాళ్లతోనే వెళ్లాలి. వానలు లేని కాలం బాగా ముదిరాక, ఇదివరకు పడిన చక్రాల జాడ మీద, కనీసం రెండు బండ్లు దూరం దూరంగా వెళ్తేనే ఈ మైదానాలు.

కొండ దారుల గురించి చెప్పాల్సింది తక్కువ. అవి చాలావరకు దిగబడే చోట్లు కావు, భయపడే చోట్లు. దక్షిణాఫ్రికా నుంచి లెసోతోకి ఎక్కే సాని కనుమ 2,876 మీటర్ల ఎత్తున ఉంటుంది, దక్షిణాఫ్రికా వైపు ఫోర్ బై ఫోర్ బండ్లనే పంపుతారు. టర్బో లేని ఇంజిన్ ప్రతి 1,000 మీటర్లకి సుమారు పదో వంతు బలం కోల్పోతుంది. దిగేటప్పుడు బ్రేకులని కాకుండా గేరుని నమ్ముకోవాలి. పిల్లలతో, పెద్దవాళ్లతో కలిసి వెళ్లే ఇంటివాళ్లకి దిబ్బల కన్నా ఇలాంటి దారే నేను సూచిస్తాను. బండి ఊపు తక్కువ, చూడటానికి ఎక్కువ, ఆగాలంటే ఎక్కడైనా ఆగొచ్చు.

దగ్గరిదా, దూరందా?

ఒకే కష్టం ఉన్న రెండు చోట్లలో ఫోన్ సిగ్నల్ ఉన్నదాన్ని ఎంచుకోండి. మెత్తని ఇసుకలో ఇంధనం ఖర్చు దాదాపు రెట్టింపు కావచ్చు, మ్యాప్ మీద కిలోమీటర్లు చూసి ట్యాంకు లెక్క వేయకూడదు. ఆస్ట్రేలియాలోని క్యానింగ్ స్టాక్ రూట్ సుమారు 1,850 కిలోమీటర్లు. ఇంధనం, నీళ్లు ఎక్కడ దొరుకుతాయో ముందే మాట్లాడుకుని ఏర్పాటు చేసుకోకుండా ఎవరూ దిగరు. అలాంటి చోట శాటిలైట్ ఫోన్ ఉండాలి, రెండు బండ్లు ఉండాలి, ఏ రోజుకి తిరిగొస్తామో ఇంట్లో ఒకరికి రాసిచ్చి వెళ్లాలి.

కాలం కూడా చోటులో భాగమే. సింప్సన్ ఎడారి పార్కుని ఎండల వల్ల ఏటా డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా మూసేస్తారు. ఎండిన ఏటి పడకల్లో దారి ఉంటే పైన ఎక్కడో కొండల్లో పడ్డ వాన కూడా మీ లెక్కలోకి రావాలి. మీ మీద ఒక్క చినుకు పడకుండానే వరద వచ్చేస్తుంది. రాత్రి మకాం ఎప్పుడూ ఏటి పడకలో వేయకండి.

ఇక అనుమతి. నేల ఎవరిది, దారి గుర్తించిందేనా, ఈ నెలలో తెరిచి ఉందా అన్న మూడు ప్రశ్నలకి జవాబు దొరకని చోటుని, ఎంత అందంగా ఉన్నా జాబితాలోంచి తీసేస్తాను. యూటా ఎడారి నేల మీద నల్లటి గరుకు పెంకులా కనబడేది మట్టి కాదు, సూక్ష్మజీవులు, నాచు కలిసి అల్లుకున్న సజీవమైన పొర. గాలికి మట్టి కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది అదే. ఒక్క టైరు జాడ మానడానికి దశాబ్దాలు పడుతుంది. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాల్లో చక్రాల గాడిలో పడిన పిల్ల తాబేలు సముద్రం చేరలేదు. ఈ రెండు విషయాలు తెలిశాక గుర్తించిన దారి దాటి ఒక్క మీటరు పక్కకి తిప్పాలన్నా నాకు చెయ్యి రాదు.

రెండు చోట్ల మధ్య ఇంకా తేల్చుకోలేకపోతుంటే ఆ వారంలో అక్కడికి వెళ్లొచ్చిన మనిషికి ఫోన్ చేసి ఒక్కటి అడగండి: "చివరిసారి అక్కడ దిగబడ్డ బండిని ఎలా బయటికి తీశారు?" పార, గంట టైమ్ అని జవాబు వస్తే బయలుదేరండి. క్రేన్ పిలిపించామంటే ఆ చోటుని వచ్చే ఏడాదికి ఉంచుకోండి.